కామరూపియు ముసలమ్మయు

దయ్యపుకథ యనగానే ముఖము చిట్లించుకొనువారిలో నేనును నొకడను. పసితనమున విన్న కొరివిదయ్యపు ముచ్చటల ఫలముగా, పెద్దవారైన వెనుకగూడ చీకటిలో పెరటితలుపు తీయుటకు జంకువారిని నేనెరుగుదును. జబ్బుపడిన కోడలికి గాలి సోకినదని తలచి, వైద్యునికి కబురంపుటకు మారుగా భూతవైద్యుని రప్పించి వేపమండలతో గొట్టించిన యిండ్లను మన చదువరులును నెరుగుదురు. కావున మా మనుమరాలు బడినుండి తెచ్చుకొన్న ఇంగ్లీషు కథలపుస్తకములో నొక భూతముకథ యుండుట చూచి, దానిని పక్కకు బెట్టుమని చెప్పబోయితిని. అంతలో నాపిల్ల పకపక నవ్వి, "ఆ ముసలమ్మకు కోపమెందుకు రాలేదు, తాతయ్యా?" యని యడిగినది. "తృప్తిగలది కాబట్టి" యని నేను చప్పున జవాబు చెప్పితిని. బాలిక కా జవాబు నచ్చలేదు. ఆలోచించిన కొలది నాకును నచ్చలేదు. ఆ యసంతృప్తియే యీ వ్యాసమునకు కారణము.

ఇంగ్లండుదేశపు టుత్తరపుకొనను నార్తంబర్లండు మండలము కలదు. అందు టైను, డెర్వెంటు నదుల నడుమ గుట్టమీద నున్న చిన్నపల్లె హెడ్లీ. దానికి దాపుననే డెర్వెంటునది చెంత ఎబ్చెస్టరను గ్రామమున్నది. ఈ ప్రాంతమున పూర్వము తిరుగాడినదని చెప్పబడు కామరూపియగు భూతమునకు 'హెడ్లీ కౌ' యని పేరు. కౌ యని వినగానే ఆవని భ్రమింపరాదు. ఆ మాటను వారు వ్రాయు నక్షరములే వేరు. ఇది గుఱ్ఱమగును, గాడిదయగును, గడ్డిమోపగును, ప్రియురాలి గొంతుకయు నగును.

దీని చేష్టలను వివరముగా సంగ్రహించినవారిలో విలియం హెండర్సను ముఖ్యుడు. ఉత్తరమండలముల జానపదవిశ్వాసములను గూర్చి యాయన రచించిన గ్రంథము 1866లో వెలువడినది. 1878లో లండనునందు జానపదవిజ్ఞానసంఘము స్థాపింపబడిన వెనుక, 1879లో దానికి రెండవకూర్పు వచ్చినది. ఆయన చెప్పినదానిని బట్టి యీ భూతమునకు కొంటెతనమే కాని క్రౌర్యము లేదు. దాని రూపము చూచి యెవరును మూర్ఛిల్లరు. ఏ యల్లరి చేసినను తుదకు గుఱ్ఱము సకిలించినట్లొక పెద్దనవ్వు నవ్వి మాయమగును.

అది చేయు నల్లరి యెట్టిదో చూడుడు. పొయ్యిలోనికి పుల్లలేరుకొన బోవు ముసలమ్మకు త్రోవలో గడ్డిమోపువలె పడియుండును. ఆమె ముచ్చటపడి నెత్తికెత్తుకొనును. నాలుగడుగులు వేయునప్పటికి బరువెక్కును. మఱి నాలుగడుగులకు మోయరాక దింపును. దింపగానే గడ్డికి ప్రాణము వచ్చి, నిటారుగ లేచి, అటునిటు నూగుచు ముందుముందుగా నడచి, నవ్వి మాయమగును. పాలు పితుకు పనిపిల్లకు ఆమె మచ్చికచేసిన యావు రూపమున గనబడి, పొలమంతయు పరుగెత్తించి, చివరకు పితుకనిచ్చి, పాలకుండ తన్ని పోవును. వంటయింట జొరబడి కూరకుండ బోర్లించును, మీగడ పిల్లులకు బెట్టును, అల్లిన మేజోళ్లు విప్పివేయును, రాట్నము చెడగొట్టును. ఇంటిలో స్త్రీ ప్రసవవేదన పడుచుండగా మంత్రసానికొరకు పోవు మనుష్యుని గుఱ్ఱమును బెదరించుటయు దీనికి వినోదమే. ఒక రైతు తన బూడిదరంగు గుఱ్ఱమని తలచి దీనినే బండికి గట్టెనట. బయలుదేరబోవునంతలో ముడిలేని దారమువలె పగ్గములనుండి జారి సకిలించుచు పోయెనట. ఇద్దరు యువకులు తమ ప్రియురాండ్రు ముందుపోవుచున్నారని తలచి కొన్ని మైళ్లు వెంటాడి, బురదలో మోకాలిలోతున దిగబడి, వెనుకకు పరుగెత్తుచు డెర్వెంటునదిలో బడి, ఒకరినొకరు భూతమనుకొని బెదిరి, వేర్వేరుత్రోవల నిల్లు చేరిరట.

ఈ యువకుల కథకు నేనును నవ్వితిని. కాని మిగిలినవానిని మరల చదువుడు. పుల్లలేరు ముసలమ్మ, పాలు పితుకు పిల్ల, వంట చేయు నిల్లాలు, రాట్నము త్రిప్పు వనిత, ప్రసవించు తల్లి: ఈ భూతము చేతికి చిక్కువారిలో నధికులు స్త్రీలు, అందును పనిలోనున్న స్త్రీలు. చెడినది వారి పని. పాలు నేలపాలైనచో యజమానురాలి తిట్లు తినవలసినది పనిపిల్ల. మోపు మాయమైనచో పొయ్యి వెలుగక చలికి వణకవలసినది ముసలమ్మ. ఈ కథలలో వినబడు నవ్వంతయు భూతముదియు, దానితో కలిసి నవ్వు శ్రోతలదియు. పాలుపోయిన పిల్ల నవ్వినదని యెవ్వరును చెప్పలేదు.

ఇది పల్లెటూరి మోటుతనమని త్రోసివేయుటకు వీలులేదు. షేక్స్పియరు మహాకవి 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీం' అను నాటకములో (ఇది 1600లో ముద్రితమైనది) పక్ అను నిట్టి కామరూపినే చిత్రించెను. పక్ తన ఘనకార్యములను తానే వర్ణించుకొనుచు, ముక్కాలిపీటరూపమున నుండి యొక వృద్ధురాలిని పడవేసిన సంగతి చెప్పును. ఆమె యప్పుడేదో విషాదకథ చెప్పుచు పీటయనుకొని కూర్చుండబోవును, పీట జారిపోవును, ఆమె నేలబడి దగ్గుచుండగా సభయంతయు కడుపు పట్టుకొని నవ్వును. ఆ ముసలమ్మ చెప్పుచుండిన కథ యేమైనదో మనకు తెలియదు, నవ్వులో మునిగిపోయినది. కథ చెప్పుచుండిన యాడుదియే కథలో పరిహాసవస్తువై పోయినది. మహాకవియందు నాకు గౌరవము లేక కాదు, ఆ ఘట్టమును చదివినపుడెల్ల నవ్వుతోబాటు కొంచెము నొప్పియు కలుగును.

ఇక మా మనుమరాలు చదివిన కథకు వత్తము. దీనిని ప్రకటించినవాడు జోసెఫ్ జేకబ్సు. ఈయన 1854లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో జన్మించిన యూదుడు. లండనులో జానపదవిజ్ఞానసంఘపు పత్రికకు సంపాదకుడుగ నుండెను. మన పంచతంత్రము పారశీకారబ్బీ భాషలగుండ ఐరోపాకు చేరి 'బిడ్‌పాయి కథలు' అను పేర ప్రసిద్ధమైనది గదా. దాని తొలి యాంగ్లానువాదమును 1888లో మరల సంస్కరించి ప్రకటించినవాడీయనయే. 1892లో భారతదేశకథల సంపుట మొకటియు కూర్చెను. 1894లో ప్రకటించిన 'మోర్ ఇంగ్లీష్ ఫెయిరీ టేల్స్' అను సంపుటములో నీ హెడ్లీ కథ యున్నది. కథను సేకరించి యిచ్చినది మేరీ క్లోతిల్డు బాల్ఫరను విదుషీమణి. ఆమెకు చెప్పినది దక్షిణ నార్తంబర్లండుకు చెందిన యొక గృహిణి. ఆ గృహిణికి చెప్పినది ఆమె తల్లి. ఆ తల్లి, ఇది తాను చిన్నతనమున నెరిగిన యొకామెకు నిజముగా జరిగినదే యని చెప్పెడిదట. పుస్తకములకెక్కకముందు కథ స్త్రీలనోటనే నడచినదను సంగతి చదువరులు మనసున నుంచుకొందురు గాక.

కథ యిది. ఒక ముసలమ్మ. నా యన్నవారెవరును లేరు. రైతుల యిల్లాండ్రకు చిల్లరపనులు చేసిపెట్టి, ఒకరింట పిడికెడు తిండియు నొకరింట గుక్కెడు టీయు సంపాదించుకొని, లోకములో తనకు కొరతయే లేనట్లు సంతోషముగ తిరుగుచుండును. ఒక వేసవి సాయంకాలము ఇంటికి వచ్చుచుండగా బాటప్రక్క గుంటలో పెద్ద నల్లని కాగు కనబడినది. ఎవరో చిల్లుపడినదని పారవైచియుందురు, కిటికీలో పూలమొక్క పెట్టుకొనుటకు పనికివచ్చునని దగ్గరకు పోయి మూత తీసిచూచును. నిండ బంగారునాణెములు! నిర్ఘాంతపడి, శాలువకొంగు దానికి గట్టి యీడ్చుకొనుచు, మహారాణివలె బ్రదుకవచ్చునని మురియుచు నడచును. అలసి వెనుదిరిగి చూచునప్పటికి వెండిముద్ద. బంగారమైనచో దొంగలభయము, వెండియే మేలనుకొనును. మరల చూచునప్పటికి ఇనుపకడ్డీల దిమ్మ. అమ్మి చిల్లరపెన్నీలు తెచ్చుకొనవచ్చును, వెండికన్న నిదియే సుళువనుకొనును. మరల చూచునప్పటికి బండరాయి. తలుపు మూసికొనిపోకుండ ఒరగబెట్టుటకు సరిగ నిట్టిరాయియే కావలసియుండెనని సంతసించును. గుమ్మముచెంత వంగి శాలువముడి విప్పగానే రాయి యెగిరిగంతువేసి, నాలుగు సన్నని కాళ్లను, రెండు పొడుగుచెవులను, తోకను సాచి, కొంటెకుఱ్ఱవానివలె నవ్వుచు, కాళ్లు జాడించుచు పరుగెత్తిపోవును. ముసలమ్మ కనుచూపుమేర దానివంకనే చూచి, హెడ్లీ కౌను స్వయముగ చూచిన తనయంతటి యదృష్టవంతురాలీ చుట్టుప్రక్కల లేదని పొంగిపోవుచు లోనికిబోయి పొయ్యిచెంత కూర్చుండును.

తృప్తియే ధనమను నీతికి దీనిని దృష్టాంతముగ జూపువారు పెక్కురు. నేనును నట్లే చెప్పితినిగదా. కాని ఆ నీతి యెవరు, ఎవరికి, ఎప్పుడు చెప్పుచున్నారో విచారింపవలదా? ఈ పుస్తకము వెలువడిన 1894లో ఇంగ్లండులోని నిరుపేద వృద్ధుల దుస్థితిని విచారించుటకు నియమింపబడిన రాజకీయసంఘము (దానిని 1893లో నియమించిరి, 1895లో నివేదిక యిచ్చినది) సాక్ష్యములు తీసికొనుచుండెను. పనిచేయు శక్తి యుడిగి, పెట్టుదిక్కులేని ముసలివారికి 1834 నాటి శాసనము ప్రకారము చివరకు మిగిలినది వర్కుహౌసు. అనగా పేదలను జేర్చుకొని, భార్యాభర్తలను సైతము వేరుచేసి, పనిచేయించి తిండిపెట్టు శాల. దాని పేరు చెప్పినచో ముసలివారు గడగడలాడెడివారు. డెబ్బదియేండ్లు నిండినవారికి వారమునకు ఐదుషిల్లింగుల వరకు భృతి నిచ్చు శాసనము 1908లో గాని పుట్టలేదు, 1909 జనవరి మొదటితేదీన గాని చేతికందలేదు. అట్టి దినములలో, వెచ్చని గదులలో దీపముక్రింద కూర్చుండి యీ కథ చదివిన సంపన్నులు, చూచితిరా బీదముసలమ్మ యెంత తృప్తిగ నున్నదోయని పిల్లలకు చెప్పినచో, అది కథయొక్క నీతి గాదు, చెప్పువారి సౌకర్యము. బీదవాని తృప్తిని ధనవంతుడు పొగడునపుడు మనము కొంచెము చెవి నిక్కించి వినవలయును.

కథ మాత్రము ఆ నీతిని చెప్పుటలేదనియే నా నిశ్చయము. ముసలమ్మ బంగారము వలదనలేదు. చూచినది, ఆశపడినది, ఒంటరిగ నీడ్చినది. దారిద్ర్యము మంచిదని యొకమాటయు నామె నోట వెలువడలేదు. బంగారముకన్న వెండి మేలనుటలోగూడ వెఱ్ఱిలేదు: బంగారునాణెములు మార్పబోయిన బీదముసలిదానిని దొంగవని పట్టుకొననివాడెవడు? ఆమె చేయునదల్ల చేతిలోనున్న వస్తువు దేనికి పనికివచ్చునోయని చూచుట. చిల్లికాగులో పూలమొక్కయు, ఇనుములో పెన్నీలును, రాతిలో తలుపుదాపును ఆమెకు కనబడుచున్నవి. పారవేసిన వస్తువులతో సంసారము నడుపుకొను స్త్రీకి అలవడిన చూపది. దానిని వైరాగ్యమని పిలుచుట యామె నేర్పును తక్కువచేయుటయే.

గ్రిమ్ము సోదరులు ప్రకటించిన జర్మను కథలలో హాన్సు అనువాని కథ చాలమంది యెరిగినదే. వాడు ఏడేండ్లు కొలిచి సంపాదించిన తలకాయంత బంగారుముద్దను గుఱ్ఱమునకు, గుఱ్ఱము నావునకు, ఆవును పందికి, పందిని బాతునకు, బాతును సానరాతికి మార్చి, సానరాయియు బావిలో పడిపోగా బరువు తీరినదని యుబ్బుచు తల్లియొద్దకు పోవును. హాన్సును మోసగించినవారు మనుష్యులు. పోయినది వాని యేడేండ్ల కష్టము. ఆండర్సను కథలోని రైతు గుఱ్ఱముతో బయలుదేరి కుళ్లిన యాపిలుపండ్ల సంచితో తిరిగివచ్చినను, ఇంటనున్న భార్య యతడు చేసినదెల్ల మేలేయని ముద్దుపెట్టుకొనును. ఆ కథయందు నాకు కొంత చిరాకు కలదని దాచనేల? హెడ్లీ ముసలమ్మ వీరివంటిది కాదు. ఆమెతో బేరమాడినవారు లేరు. ఆమె సొమ్ము పోలేదు. సాయంకాలము బయలుదేరినపుడున్న శాలువ గుమ్మముకడను నున్నది. భూతము లేనిదానినిచ్చి లేనిదానినే తీసికొనిపోయినది.

అట్లైనచో ఆమె కేమి లాభించినది? ఇక్కడనే మా బాలిక ప్రశ్నకు సమాధానమున్నది. ఆ ముసలమ్మ దినమంతయు ఇతరుల పనులమీద తిరుగును. ఒకరి కబురు మరియొకరికి మోయును. ఊరిలో నేదైన జరిగినచో అది రైతునకు జరుగును, రైతుభార్యకు జరుగును. ఈమె దానిని మోసికొనిపోయి చెప్పును. ఆనాడు మాత్రము ఆమెకే జరిగినది. ఊరంతయు తరతరములుగ చెప్పుకొను భూతము, ఎవరును లేనివేళ, ఆమె యొక్కతెకై నాలుగు వేషములు వేసి, ఐదవమారు తన నిజమైన గంతు చూపించి పోయినది. రేపు రైతుల వంటయిండ్లలో చెప్పుటకు ఆమెకు సొంతకథ కలదు. కోపమెందుకు వచ్చును? షేక్స్పియరు ముసలమ్మకు భూతము కథను చెడగొట్టినది. హెడ్లీ ముసలమ్మకు భూతమే కథ నిచ్చినది. నవ్వు చేతులు మారినది. ఎదుటివాని యేడుపే కూలిగ గొను కొంటెభూతమున కామె యా కూలి నీయలేదు.

ఈ మార్పు తటస్థముగ కలిగినదని నేననుకొనను. పుల్లలేరు ముసలమ్మలు, వారి కూతుండ్రు నిట్టి కథలు చెప్పుకొనుచున్నపుడు, గడ్డిమోపు జారవిడిచి నిలువబడు పాత్రతో వారెన్నాళ్లు తృప్తిపడుదురు? డరము మండలములో పిక్ట్రీ యను తావున తిరిగిన బ్రాగను మరియొక కామరూపిని గూర్చి సర్ కత్బర్టు షార్పు 1834లో ప్రకటించిన వృత్తాంతమును చెప్పినదియు దాదాపు తొంబదియేండ్ల వృద్ధురాలే. అది మెడలో తెల్లచేరుమాల కట్టుకొన్న దూడయై యొకమారు, తెల్లదుప్పటిని నాలుగు మూలల పట్టుకొన్న నలుగురు మనుష్యులై యొకమారు, తలలేని దిసమొలవాడై యొకమారు కనబడెనట. పొట్టిగుఱ్ఱమై యొకనిని మీదనెక్కించుకొని చెరువులో పడవైచి మనిషివలె నవ్వుచు పోయెనట. ఆ వృద్ధురాలి మాటలలో భయముకన్న చెప్పుటయందలి యుత్సాహమే హెచ్చు.

ఐనను సందేహములు లేకపోలేదు. బాల్ఫరుగారు లింకనుమండలపు బురదనేలలనుండి సేకరించి 1891లో ప్రకటించిన కథలు అన్నియు యథాతథముగ ప్రజలనోటివేనాయని తరువాతి పండితులు శంకించిరి. హెడ్లీ కథలో బంగారము, వెండి, ఇనుము, రాయి మెట్లుమెట్లుగ దిగివచ్చు తీరు చూచినచో చేయి తిరిగిన రచయిత తాకిడి యున్నట్లే తోచును. హెండర్సను చెప్పిన గడ్డిమోపులోనున్న నిజమైన బరువు దీనిలో లేదు. జేకబ్సుకూడ దాదిముసలమ్మ చెప్పినట్లుండవలెనని కథల భాషను మార్చుట తనకు పరిపాటియని దాచలేదు. ప్రాంతీయమగు పలుకుబడిని నునుపుచేయుటవలన పిల్లలకు సుళువైనది గాని, ముసలమ్మ కొంచెము బొమ్మవలె నైనది. ఆమె కాళ్ల నొప్పి యెక్కడను వినబడదు. ఇంత బరువీడ్చిన మనిషికి నొప్పి లేకుండునా? ఈ లోపమువల్లనే తృప్తినీతివారికి సందు దొరికినదని నా తలంపు.

దయ్యపుకథలను నిరాకరించు మన మిత్రులతో నొక్కమాట. ఒంటరిగ చీకటిత్రోవ నడచిన ముసలియామె, తన గుమ్మములో భూతము గంతువేయగా, పరుగెత్తలేదు, మంత్రము జపించలేదు, భూతవైద్యుని పిలువలేదు; కన్నార్పక చూచి నవ్వినది. భయపెట్టు కథనుండి భయమునే తీసివేసిన కథ యిది. మా బాలిక దీనిని చదివిన రాత్రియే తానొక్కతెయే దీపములేకుండ పెరటిలోనికిబోయి, అచట గాడిదయేమైన నున్నదాయని చూచివచ్చినది. కొరివిదయ్యపుకథ వినియుండినచో పోయెడిదా?

ఎవరైన దీనిని తెనుగున వ్రాయదలచినచో రెండు సంగతులు కోరుదును. కౌ అను మాటను ఆవని తెనిగింపవలదు, చివర సుమతిశతకపు ధోరణిలో నీతిని తగిలింపవలదు. దానికి బదులు, జేకబ్సు పుస్తకపు చివర చిన్నయక్షరములలో నిచ్చిన వివరమును కథలోనికే తెచ్చినచో బాగుండును: బాల్ఫరుగారికి కథ చెప్పిన గృహిణియొక్క తల్లి, ఆ భూతమును తన కన్నులతో రెండుమారులు చూచితినని చెప్పెడిదట, ఒకమారు గాడిదగా, ఒకమారు గడ్డిపరకగా.